మైకు ఆగినప్పుడు నాకు సంతోషం వేసింది: అసూయతో పద్నాలుగు నెలల నా అనుభవం

2023 డిసెంబర్ 17, ఆదివారం సాయంత్రం. సండే స్కూల్ పిల్లల క్రిస్మస్ కార్యక్రమం. స్టేజీ మీద పన్నెండు మంది చిన్న పిల్లలు, గొర్రెల కాపరుల వేషంలో. మూడో నిమిషంలో మైకు ఆగిపోయింది. ముందు నిలబడ్డ బాబు డైలాగు మర్చిపోయి ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకో ఇద్దరు. తెర చాటు నుంచి చిన్న పిల్లల టీచరు, సంఘంలో నేను చెల్లి అని పిలిచే అమ్మాయి, చేతులు ఊపుతూ పిల్లలకు ఏదో చెప్పబోతోంది. మొహం ఎర్రగా కందిపోయింది. కార్యక్రమం తయారు చేసింది తనే, నెల రోజులు కష్టపడి.

నేను మూడో వరుసలో కూర్చున్నాను. పక్కావిడకు వినపడేలా "అయ్యో!" అన్నాను. లోపల మాత్రం, ఎండన పడి వచ్చి చల్లటి నీళ్ళు తాగితే గొంతులోంచి దిగుతాయి చూడండి, అలా ఏదో హాయిగా దిగింది. పెదవుల మీదికి నవ్వు రాకుండా పళ్ళు బిగపట్టుకోవాల్సి వచ్చింది. ఏడుస్తున్నది నాలుగేళ్ళ పిల్లాడు. వాడు ఏడుస్తుంటే నాకు హాయిగా ఉంది.

అప్పటికి నేను బాప్తిస్మం తీసుకుని 19 ఏళ్ళు. సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు చెప్పడం మొదలుపెట్టి 12 ఏళ్ళు. బయటికి కనబడే పాపం ఏదీ నా జీవితంలో లేదని నాకో నమ్మకం. ఎవరైనా అడిగితే సాక్ష్యం గడగడా చెప్పేసేదాన్ని.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, సాక్ష్యాల్లో మనం "ఇలా ఉండేదాన్ని, ప్రభువు విడిపించాడు, స్తోత్రం" అని రెండు ముక్కల్లో ముగిస్తాం. ఆ మధ్యలో ఎన్ని నెలలు పట్టింది, ఎన్నిసార్లు వెనక్కి పడ్డారు, ఎవరికి ఏం చెప్పుకోవాల్సి వచ్చింది అన్నది ఎవరూ చెప్పరు. నాకు తెలిసినంత వరకు తారీఖులతో సహా చెప్తాను. ఆ రోజుల్లో డైరీ రాసేదాన్ని కాబట్టి తారీఖులు సరిగ్గానే ఉంటాయి.

ఆ చెల్లి మా సంఘానికి వచ్చింది 2023 ఫిబ్రవరిలో. నాకంటే పదేళ్ళు చిన్న. చిన్న పిల్లల క్లాసు ఇచ్చారు. పిల్లలు ఆమె గొంతు వింటే చాలు పరుగెత్తేవాళ్ళు. మొదట్లో నాకూ బాగానే ఉంది. తర్వాత్తర్వాత ఆమె గది ముందు నుంచి వెళ్తూ కిటికీలోంచి తలలు లెక్కపెట్టడం అలవాటైంది. నా క్లాసులో 14, ఆమె క్లాసులో 31. లెక్క చూసి ఏం చేస్తానని కాదు. ఊరికే. ఆ "ఊరికే" అన్న మాట దగ్గరే నేను మేలుకోవాల్సింది.

ఆ తర్వాత తప్పులు కనబడటం మొదలైంది. ఆటలెక్కువ, వాక్యం తక్కువ. పిల్లల్ని నవ్విస్తోంది గానీ పునాది వేయట్లేదు. ఇవన్నీ నాకు అసూయలాగా అనిపించలేదు, "భారం" అనిపించింది. మన విశ్వాసుల భాషలో ఇదో సౌకర్యం. గిట్టనితనాన్ని భారం అంటాం, చాడీని ప్రార్థన మనవి అంటాం, అలిగితే మౌనంగా ప్రభువు సన్నిధిలో ఉన్నాం అంటాం. నేను ఈ మూడూ వాడాను.

డిసెంబర్ 17 రాత్రి నిద్ర పట్టలేదు. పళ్ళు బిగబట్టి నవ్వు ఆపుకున్న సంగతి పదే పదే గుర్తొచ్చింది. దాన్ని భారం అనడానికి వీల్లేదు కదా. రెండు వారాలు నలిగి, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మోకాళ్ళ మీద పడి బాగా ఏడ్చాను. "ప్రభువా, నా హృదయాన్ని శుద్ధి చెయ్యి" అన్నాను. లేచేసరికి తేలిగ్గా ఉంది. పోయిందనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ప్రార్థనలో "అసూయ" అన్న మాటే లేదు. "నా బలహీనతలన్నీ" అన్నాను. ఇంటి చిరునామా రాయకుండా ఉత్తరం పోస్ట్ చేసినట్టు.

సరిగ్గా రెండు వారాలు. జనవరి 14 ఆదివారం, ప్రకటనల సమయంలో పాస్టర్ గారు, ఇక మీదట సండే స్కూల్ టీచర్లందరికీ ఆ చెల్లే ట్రైనింగ్ ఇస్తుందని చెప్పారు. టీచర్లందరికీ అంటే నాకు కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అరచేతులు మండేదాకా కొట్టాను.

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో గిన్నెలు ఎంత గట్టిగా పెట్టానో నాకు తెలీదు గానీ మా వారు వచ్చి "ఏమైంది?" అన్నారు. "ఏం కాలేదు" అన్నాను. చాలా నెలల తర్వాత ఆయన చెప్పారు, ఆ ఏడాది ఆదివారం మధ్యాహ్నాలు నాతో మాట్లాడాలంటే ఇంట్లో అందరికీ భయంగా ఉండేదని. నాలో నేను దాచుకున్నాననుకున్నది ఇంట్లోవాళ్ళకు అన్నాళ్ళూ తగులుతూనే ఉందన్నమాట.

కన్నీళ్ళతో పోలేదు కాబట్టి ఉపవాసం అన్నాను. జనవరి 18 నుంచి 20 వరకు మూడు రోజులు. మొదటి రోజు తలనొప్పి. రెండో రోజు నీరసం. మూడో రోజు ఒక వింత జరిగింది. మనసు ప్రశాంతంగా ఉంది, ఆమె గుర్తొచ్చినా మంట లేదు. ఎంత బాగుందో అనుకుంటుండగానే లోపల్నుంచి ఒక మాట లేచింది: "తను ఎప్పుడైనా మూడు రోజులు ఉపవాసం ఉండి ఉంటుందా?" అసూయను చంపడానికి చేసిన ఉపవాసమే ఆమెతో పోల్చుకోడానికి ఇంకో కొలబద్ద అయి కూర్చుంది. ఉపవాసం వద్దని నేను అనట్లేదు. నా విషయంలో ఏం జరిగిందో అది చెప్తున్నాను.

తర్వాత నోట్‌బుక్. ఎన్నిసార్లు అసూయ పడ్డానో గీతలు పెట్టుకుంటే తగ్గుతుందని ఎక్కడో విన్నాను. ఫిబ్రవరి 1న మొదలుపెట్టాను. మొదటి వారం 22 గీతలు, రెండో వారం 29. పెరిగిందా, నేను చూడటం పెరిగిందా తెలీదు. ఐదో వారానికి పొద్దున లేవగానే నా చూపు మొదట ఆ నోట్‌బుక్ మీద, అంటే నా మీదే పడేది. బీరువాలో పారేశాను.

ఆ దశలో బైబిల్లో రోమా పత్రిక ఏడో అధ్యాయం ఎన్నిసార్లు చదివానో. "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను." ఇది రాసిన పౌలు తన రక్షణకు ముందు సంగతా, తర్వాత సంగతా అని పండితులు వందల ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. ప్రాచీన సంఘ పండితుడు అగస్టీను అంతటి ఆయన కూడా మొదట ఒకలా చెప్పి తర్వాత అభిప్రాయం మార్చుకున్నాడు. నాకు ఆ వాదనతో పని పడలేదు. అది నా డైరీ లాగా ఉంది, అంతే.

ఇక అన్నిటికంటే సిగ్గుపడే సంగతి. మార్చి 6, బుధవారం స్త్రీల కూడిక. ఆ చెల్లి రాలేదు. వాళ్ళింట్లో ఏదో ఇబ్బంది నడుస్తోందని నాకు తెలుసు. అదేంటో ఇక్కడ రాయను, అది తన సంగతి. కూడిక అయ్యాక నాతో కలిపి ఐదుగురం మిగిలినప్పుడు "తన కోసం ప్రార్థన చేయాలి" అన్నాను. ఏ విషయంలో అని అడిగారు. చెప్పాను. తెలిసిన దాని కంటే కొంచెం ఎక్కువే చెప్పాను. గొంతు తగ్గించి, నిట్టూర్చి, చివర్లో "మన మధ్యే ఉండనీయండి" అన్నాను. తర్వాత కళ్ళు మూసుకుని ఆమె కోసం చాలా భారంగా ప్రార్థన చేశాను. ఒకావిడ నా చెయ్యి నొక్కి "మీకు ఎంత ప్రేమండీ" అంది.

రెండు వారాలు తిరక్కుండానే ఆ మాట సంఘం అంతా తిరిగింది.

మార్చి 29, మంచి శుక్రవారం. ఆరాధనలో మత్తయి సువార్త 27వ అధ్యాయం చదవమని నాకే ఇచ్చారు. నిలబడి చదువుతున్నాను. రోమా గవర్నరు పిలాతు, ఖైదీ బరబ్బాను విడుదల చేయనా, యేసును విడుదల చేయనా అని అడిగే చోటు. 18వ వచనం. వాళ్ళు (ప్రధాన యాజకులు, పెద్దలు) ఆయనను అసూయచేత అప్పగించారని పిలాతుకు తెలుసు అని ఉంటుంది. ఎన్నేళ్ళుగా ఆ అధ్యాయం వింటున్నానో. ఆ మాట మీద నా చూపు ఎప్పుడూ ఆగలేదు. ద్రోహం చేసింది యూదా, చేతులు కడుక్కున్నది పిలాతు, కొట్టింది సైనికులు అనుకుంటూ వచ్చాను. నేను పళ్ళ బిగువున దాచుకున్న ఈ చిన్న విషయమే ఆయన్ని అక్కడ నిలబెట్టిందని అనుకోలేదు. గొంతు పూడుకుపోయింది. తర్వాతి వచనానికి అర నిమిషం పట్టింది. వింటున్నవాళ్ళు సిలువను తలుచుకుని కదిలిపోయానని అనుకున్నారు. అప్పుడూ నాకు మంచి పేరే వచ్చింది!

అయినా ఎవరికైనా చెప్పడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు పత్రికలో ఉన్న మాట నేను పిల్లలకు కంఠతా పట్టించినదే. పాస్టర్ గారికి చెప్పాలంటే ధైర్యం చాల్లేదు. స్నేహితులకు చెప్తే వాళ్ళు "అందరికీ ఉండేదేలే" అని కొట్టిపారేస్తారు. చివరికి ఏప్రిల్ 9, మంగళవారం, మా సంఘంలో అమ్మమ్మ గారు అని అందరం పిలిచే పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. డెబ్బై దాటాయి, చూపు సరిగ్గా ఆనదు. మాట బయటికి పోదు, అందుకే వెళ్ళాను.

నలభై నిమిషాలు చుట్టూ తిప్పాను. సండే స్కూల్ పరిస్థితి, ఈ కాలం పిల్లలు, పాత పద్ధతులు, కొత్త పద్ధతులు. ఆవిడ వింటూనే ఉన్నారు. చివరికి అన్నాను: "నాకు తనంటే అసూయ, అమ్మమ్మ గారూ."

"ఇంకోసారి చెప్పు" అన్నారు.

వినపడలేదేమో అని గట్టిగా చెప్పాను.

"చెవులు బాగానే ఉన్నాయి. నీ నోటికి ఆ మాట అలవాటు కావాలని" అన్నారు.

ఆ రోజు నేను ఏడవలేదు. డిసెంబర్ 31న ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు, ఇక్కడ ఒక్క చుక్క రాలేదు. చెవులు మాత్రం వేడెక్కిపోయాయి. ఆవిడ పెద్దగా ప్రసంగం ఏమీ చేయలేదు. "రక్షణ పొంది ఇన్నేళ్ళయ్యాక నాకిదేంటి, అసలు నేను రక్షణ పొందానా?" అని అడిగాను. ఆ ప్రశ్న చాలా పాతదని చెప్పారు. మారుమనస్సు పొందిన రోజే పాపం వేళ్ళతో సహా పోతుందని నేర్పేవాళ్ళు ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ కాలంలోనూ ఉన్నారట. ఆయన 1763లో ప్రత్యేకంగా విశ్వాసుల్లో మిగిలి ఉండే పాపం గురించే ప్రసంగం రాశాడట. విశ్వాసిలో పాపం ఉంటుంది, కానీ సింహాసనం మీద ఉండదు, ఇదీ దాని సారం. "నీ ఇంట్లో ఉన్నవాడు అద్దెకున్నాడా, యజమానిగా ఉన్నాడా అన్నదే చూసుకో. ఇన్నాళ్ళూ నువ్వు వాడికి అన్నీ అమర్చి పెట్టి లేడని చెప్తూ వచ్చావు" అన్నారు.

సండే స్కూల్ మానేస్తానన్నాను. అదే పెద్ద త్యాగమని నా లెక్క. ఆవిడ నవ్వారు. "మానేస్తే అందరూ పశ్చాత్తాపం అనుకుంటారు. నాకు మాత్రం అలక లాగా ఉంది" అన్నారు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం గుచ్చుకుంది, ఎందుకంటే నిజం. నేను మానేస్తే పాస్టర్ గారు ఇంటికొచ్చి బతిమాలతారని అప్పటికే ఊహించుకున్నాను. బతిమాలే మాటలు కూడా ఊహించుకున్నాను.

ఆ చెల్లి దగ్గరికి వెళ్ళి అసూయ పడ్డానని ఒప్పుకుంటానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. ఇది నాకు అసలు తట్టని విషయం. మీరు కూడా తెలుసుకోవాలని వివరంగా రాస్తున్నాను. "లోపల పడ్డ అసూయ తనకు తెలీదు. అది చెప్పి నీ బరువు దించుకుంటావు, అది తన నెత్తిన పడుతుంది. ఆ తర్వాత నిన్ను ఓదార్చే పని కూడా తనకే. అది దేవుడికి చెప్పు, నాకు చెప్పావు, చాలు. కానీ నోటితో చేసింది వేరు. ఆ మాట తిరిగింది, తనకు నష్టం జరిగింది. దానికి మాత్రం తన దగ్గరికి వెళ్ళాల్సిందే. తన కంటే ముందు ఆ నలుగురి దగ్గరికి" అన్నారు.

ఇదీ ఖరీదు. ఏప్రిల్ 21న, ఆరాధన తర్వాత, నలుగురి దగ్గరికీ విడివిడిగా వెళ్ళాను. "ఆ రోజు నేను చెప్పిన దాంట్లో కొంత నాకు తెలీకుండానే కల్పించి చెప్పాను, అసలు చెప్పకూడని విషయం, ప్రార్థన పేరు పెట్టి చాడీ చెప్పాను" అన్నాను. "తెలీకుండానే" అన్నది అబద్ధం. మూడో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట తీసేయగలిగాను. మొదటి ఇద్దరికీ మళ్ళీ ఫోన్ చేసి దిద్దుకోవాల్సి వచ్చింది. ఒకావిడ "అయ్యో, ఇంత చిన్న దానికా" అంది. ఒకావిడ ఏమీ అనలేదు. నా చెయ్యి నొక్కిన ఆవిడ మాత్రం అప్పట్నుంచి నాతో అంటీ ముట్టనట్టు ఉంటోంది. ఏళ్ళ స్నేహం. ఇద్దరం కలిస్తే ఎవరో ఒకరి గురించి మాట్లాడుకోవడమే మా స్నేహమని, అది ఆగాక మాట్లాడుకోడానికి ఇంకేమీ మిగల్లేదని ఆలస్యంగా అర్థమైంది.

ఏప్రిల్ 28న ఆ చెల్లితో మాట్లాడాను. ఖాళీ క్లాసు గదిలో, చిన్న పిల్లల కుర్చీల్లో కూర్చున్నాం. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. చెప్పాల్సింది రాసుకుని వెళ్ళాను, అయినా చదవకుండానే చెప్పాను. ఏడుస్తుంది, కౌగిలించుకుంటుంది, ఇద్దరం కలిసి ప్రార్థన చేస్తాం అని ఊహించాను. తను చాలాసేపు నేల చూస్తూ కూర్చుంది.

"నాకు తెలుసక్కా" అంది. "ఆ నెలలో ఒక ఆదివారం చర్చి దాకా వచ్చి లోపలికి రాకుండా వెనక్కి వెళ్ళిపోయాను. మీరే చెప్పారని ఆ రోజే తెలిసింది."

క్షమించమని అడిగాను.

"క్షమించానని ఇప్పుడు చెప్తే అబద్ధం అవుతుంది. కొంచెం టైం ఇవ్వండక్కా" అంది. లేచి కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది. నేనూ సర్దాను.

ఆ "కొంచెం టైం" ఏడు వారాలు. ప్రతి ఆదివారం ఎదురుపడేవాళ్ళం. "వందనాలక్కా" అనేది, అంతే. ఒప్పుకున్న వెంటనే మనసు తేలికపడుతుందని అందరూ చెప్తారు. నాకు ఆ ఏడు వారాల్లో అది జరగలేదు. పైగా మూడో వారంలో లోపల ఒక గొణుగుడు: "నేను ఇంత తగ్గించుకుంటే ఈమెకు క్షమించడానికి ఇంత బెట్టా?" అది రాగానే అమ్మమ్మ గారికి ఫోన్ చేశాను. అప్పటికి అలా చేయడం అలవాటైంది. ప్రతి మంగళవారం వెళ్ళేదాన్ని, మధ్యలో అసూయ వస్తే ఫోన్. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: వచ్చిన గంటలోపు చెప్పాలి. రాత్రి దాకా ఉంచుకుంటే అది బట్టలు మార్చుకుని వస్తుందనేవారు.

ఇంకో పని ఇచ్చారు. రోజూ ఆ చెల్లి కోసం ప్రార్థన, ఆశీర్వాదం కోసం మాత్రమే. "తనను మార్చు" అన్న మాట రాకూడదు. మొదటి రోజు కూర్చున్నాను. "ప్రభువా, తనను ఆశీర్వదించు. తన క్లాసును ఆశీర్వదించు." అంతే. రెండు వాక్యాలకు మాటలు అయిపోయాయి. ఆశ్చర్యం వేసింది. ఏడాదికి పైగా ఒక మనిషి గురించి రోజూ ఆలోచించాను, ఆమె ఏం చేస్తే ఎక్కడ తప్పు పట్టాలో నాకు తెలుసు. ఆమెకు దేనికి భయం, తల్లి ఆరోగ్యం ఎలా ఉంది, చదువు ఎక్కడ ఆగిపోయింది, ఏం కావాలని అడుగుతుంది, ఏమీ తెలీదు. ప్రార్థన చేయాలంటే తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే అడగాలి. అడిగే ముఖం నాకు లేదు. కాబట్టి ఆ ఏడు వారాలూ రెండు వాక్యాల ప్రార్థనే చేశాను. కొన్ని రోజులు పళ్ళు కొరుక్కుంటూ చేశాను. అలా చేసినా లెక్కలోకి వస్తుందని అమ్మమ్మ గారు అన్నారు.

మధ్యలో ఒకసారి చదువుతుంటే తగిలింది. ఆరో శతాబ్దంలో పోప్ గ్రెగరీ అసూయకు పుట్టే పిల్లలు ఫలానా అని చెప్పాడు: ద్వేషం, గుసగుసలు, వెనకాల నిందించడం, పక్కవాడి కష్టానికి సంతోషం, పక్కవాడి క్షేమానికి బాధ. ఐదూ చదివి పుస్తకం మూసేశాను. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి మనిషి నన్ను ఎక్కడ చూశాడు! మైకు ఆగిన రోజు, చప్పట్లు కొట్టిన రోజు, స్త్రీల కూడిక రోజు, అన్నీ వరసగా ఉన్నాయి. సిగ్గుతో పాటు ఒక ఊరట కూడా. నాది కొత్త రోగమేమీ కాదు.

జూన్ 16న ఆరాధన అయ్యాక ఆ చెల్లే వచ్చింది. "అక్కా, క్షమించాను. నమ్మకం మాత్రం ఇంకా రాలేదు, అది వేరే కదా" అంది. అవును, వేరే. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆమె వెళ్ళబోతుంటే "నీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను, ఏ విషయం చెప్పమంటావు?" అని అడిగాను. అడిగాక భయమేసింది, మళ్ళీ మనవులు సేకరిస్తున్నాననుకుంటుందేమో అని. తను కాసేపు నా వంక చూసి, ఒకే ఒక్క చిన్న విషయం చెప్పింది. చాలా చిన్నది. నన్ను పరీక్షిస్తోందని అర్థమైంది. అది ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు, అమ్మమ్మ గారికి కూడా.

అక్కడి నుంచి ఏదో మారింది. ఎప్పుడని తారీఖు చెప్పలేను. జూలైలో ఒక రోజు ఆమె అడిగిన ఆ విషయం తీరిందని తెలిసి, ఆలోచించే లోపే నోట్లోంచి "స్తోత్రం!" అని వచ్చేసింది. గిన్నెలు కడుగుతున్నాను అప్పుడు. చేతుల్లో నురగతో అలాగే నిలబడిపోయాను. ఆమెకు మంచి జరిగితే నాకు సంతోషం, అదీ బలవంతం లేకుండా. అలాంటిది ఏడాదిన్నరలో మొదటిసారి. దాన్ని నేను తెచ్చుకోలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

అయితే సెప్టెంబర్‌లో మళ్ళీ పడ్డాను. నా క్లాసు పిల్లలిద్దరు "మాకు ఆ అక్క క్లాసు కావాలి" అని అడిగారు. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు, గంట నియమం గాలికొదిలేశాను. అంతా మొదటికి వచ్చిందని, ఈ నెలలన్నీ వృథా అని బెంబేలెత్తిపోయాను. నాలుగో రోజు అమ్మమ్మ గారికి చెప్తే, "పోయిన ఏడాది పడితే ఎన్నాళ్ళకు తెలిసింది నీకు?" అన్నారు. పది నెలలు. "ఇప్పుడు?" మూడు రోజులు. ఆవిడ ఇంకేం అనలేదు. కీర్తన 139 చివరి రెండు వచనాలు చదవమన్నారు, చదివాను, ఇంటికొచ్చేశాను. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." అదివరకు ఆ వచనం పాటలో పాడేదాన్ని. ఇప్పుడు అది చదివేటప్పుడు కొంచెం భయం ఉంటుంది, ఎందుకంటే ఆయన నిజంగానే పరిశోధిస్తాడు.

2024 క్రిస్మస్ కార్యక్రమానికి ఆ చెల్లి నన్ను తెర వెనక నిలబడమంది, డైలాగులు అందించడానికి. పిల్లలకు వినపడేలా, జనానికి వినపడకుండా గుసగుసగా చెప్పాలి. గుసగుసల్లో నాకు అనుభవం ఉందని తనకు తెలుసు కదా అని మనసులో అనుకుని నవ్వుకున్నాను. తను ఆ ఉద్దేశంతో అన్లేదనే అనుకుంటాను. పోయినేడు ఏడ్చిన బాబు ఈసారి దేవదూత. మధ్యలో ఆగి తెర వైపు చూశాడు. "భయపడకుడి" అని అందించాను. "భయపడకుడి!" అని అరిచాడు, హాలంతా నవ్వింది. కార్యక్రమం బాగా జరిగింది, అందరూ ఆమెను మెచ్చుకున్నారు, నా పేరు ఎవరూ చెప్పలేదు. కొంచెం గుచ్చుకుంది, కొంచెమే. దారిలోనే ఫోన్ చేసి చెప్పేశాను.

2025 ఫిబ్రవరిలో ఆ చెల్లి ఊరెళ్తూ తన క్లాసు నాకు అప్పగించింది. నమ్మకం వచ్చిందని నోటితో చెప్పలేదు, తాళం చెవి చేతిలో పెట్టింది. పాఠం అయ్యాక ఒక పాప నా కొంగు పట్టుకుని, "అక్క మళ్ళీ ఎప్పుడొస్తుంది? నువ్వు బాగా చెప్పావు కానీ అక్కే బాగుంటుంది" అంది. "వచ్చే ఆదివారం వస్తుందమ్మా" అన్నాను. గది తాళం వేసి మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను.

"అమ్మమ్మ గారూ, మళ్ళీ వచ్చింది."

"ఎంతసేపైంది?"

"పది నిమిషాలు."

"సరే, చెప్పు" అన్నారు.